ఆజ్ఞకు లొంగని నవ్వు: కష్టకాలపు తెలుగు క్రైస్తవ ఆరాధనలో ఆనందం, హాస్యం

వ్యాససంగ్రహం

తెలుగు క్రైస్తవ ఆరాధనలో ఆనందానికి విస్తృతమైన స్థానం ఉంది. నవ్వుకు దక్కిన చోటు ఇరుకైనది. కష్టకాలంలో ఈ రెండింటి మధ్య దూరం మరింత స్పష్టమవుతుంది. సంతోషాన్ని విధిగా చెప్పే ఆరాధనలో, బాధ ఇంకా తీరని మనిషికి మాట్లాడే అవకాశం ఎంతవరకు ఉన్నదన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న. బైబిలు కథనాలు, కీర్తన సంప్రదాయం, సాక్ష్య ప్రసంగం, క్రిస్మస్ నాటిక ఇందుకు ఆధారాలు. హైదరాబాదు ఐటీ ప్రాంతానికి చెందిన ప్రగతి నగర్ వంటి నివాస ప్రాంతాల ఆరాధన జీవితం దీనికి నేపథ్యం.

కీలకపదాలు: తెలుగు క్రైస్తవ సాహిత్యం, ఆరాధన, హాస్యరసం, సాక్ష్యం, విలాప కీర్తన, జాషువా, క్రిస్మస్ నాటిక.

ప్రవేశిక

తెలుగు క్రైస్తవ సాహిత్యంపై జరిగిన పరిశోధన భక్తిని, కరుణను, భాషాసేవను, దళిత ఆత్మగౌరవాన్ని ప్రధానంగా చర్చించింది. హాస్యం ఆ చర్చలోకి వచ్చిన సందర్భాలు అరుదు. ఆరాధనలో నవ్వేమిటన్న సంకోచం పరిశోధకుల్లోనూ, విశ్వాసుల్లోనూ ఉన్నట్టుంది. ఈ సంకోచం పాతదే. ఏసు నవ్వినట్టు సువార్తల్లో ఎక్కడా లేదని నాలుగో శతాబ్దపు ప్రసంగకర్త జాన్ క్రిసోస్తమ్ గుర్తుచేశాడు. లాజరు సమాధి దగ్గర ఆయన ఏడ్చినట్టు యోహాను రాశాడు. నవ్వినట్టు ఎవరూ రాయలేదు. ఈ మౌనం చుట్టూ మధ్యయుగపు మఠాల్లో సాగిన వాదాన్ని ఉంబెర్తో ఎకో 1980లో ఒక నవలకే కేంద్రం చేశాడు.

ఈ ప్రశ్న తెలుగు నేలమీద పండితుల వాదంగా రాలేదు, బతుకు ప్రశ్నగా వచ్చింది. కూకట్‌పల్లికి, బాచుపల్లికి నడుమ చెరువు చుట్టూ పెరిగిన ప్రగతి నగర్‌లో కోస్తా, రాయలసీమ, తెలంగాణ జిల్లాల నుంచి వచ్చి హైటెక్ సిటీ వైపు పనికి వెళ్లే కుటుంబాలు ఎన్నో. ఇటువంటి కాలనీల్లో ఆదివారపు ఆరాధన సొంత మందిరాల్లోనే కాక అద్దె హాళ్లలో, అపార్టుమెంటు గదుల్లో కూడా జరుగుతుంది. ఊళ్లో వానకోసం, పంటకోసం చేసిన ప్రార్థనలు ఇక్కడ ఉద్యోగం, వీసా, ఇంటి రుణపు వాయిదా అనే మాటల్లోకి మారాయి. 2022 నవంబరులో మెటా ప్రపంచవ్యాప్తంగా 11,000 మందికి పైగా, 2023 జనవరిలో గూగుల్ దాదాపు 12,000 మందిని తొలగిస్తున్నట్టు ప్రకటించినప్పుడు, ఆ అంకెల వెనుక ఉన్న భయం ఇటువంటి ఇళ్లలోకి కూడా వచ్చింది. అప్పుడు కూడా ఆదివారం పాట పాడాలి, చప్పట్లు కొట్టాలి. ఆ చప్పట్లలో నిజమెంత అన్నది ఆరాధనను లోపలినుంచి ప్రేమించేవారు కూడా అడగదగిన ప్రశ్నే.

శారా రెండు నవ్వులు

బైబిలులో నవ్వు గురించిన చర్చకు ఆదికాండమే మొదలు. ముసలితనంలో కొడుకు పుడతాడన్న మాట విని అబ్రాహాము సాగిలపడి నవ్వుతాడు. తరువాతి అధ్యాయంలో గుడారపు ద్వారం వెనుక నుంచి వింటున్న శారా తనలో తాను నవ్వుకుంటుంది. ఎందుకు నవ్విందన్న ప్రశ్న వచ్చేసరికి భయపడి, నవ్వలేదంటుంది. నవ్విన మాట నిజమేనని జవాబు వస్తుంది. కథ అక్కడితో ఆగుతుంది. శిక్ష లేదు, శాపం లేదు. 21వ అధ్యాయంలో బిడ్డ పుట్టాక ఆమే మళ్లీ నవ్వును తలుస్తుంది. ఈసారి విన్నవారందరూ ఆ నవ్వులో కలుస్తారని చెబుతుంది.

భరతుడు నాట్యశాస్త్రం ఆరో అధ్యాయంలో హాస్యాన్ని ఆత్మస్థం, పరస్థం అని విభజించాడు. తాను నవ్వడం మొదటిది, ఇతరులను నవ్వించడం రెండవది. శారా కథ మొదటిదాని నుంచి రెండవదానికి సాగిన ప్రయాణం. గుడారంలోని నవ్వు స్మితానికి మించనిది, పెదవి దాటనిది. అందులో అపనమ్మకం ఉంది, అలసట ఉంది, ఏళ్ల తరబడి పడిన మాటల బరువు ఉంది. బిడ్డ పుట్టాక వచ్చిన నవ్వు ఊరంతా వినదగినది. ఇక్కడ హీబ్రూ మూలంలో ఒక సందిగ్ధత కూడా ఉంది. విన్నవారు ఆమెతో కలిసి నవ్వుతారా, ఆమెను చూసి నవ్వుతారా అన్నది ఆ వాక్యం తేల్చదు. అనువాదకులు ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు. లేటు వయసులో తల్లి అయిన స్త్రీకి రెండు నవ్వులూ ఎదురయ్యే ఉంటాయి కాబట్టి మూలంలోని తేలనితనమే జీవితానికి దగ్గరగా ఉంది.

తెలుగులో మరొక నష్టం జరిగింది. ఆ బిడ్డ పేరుకు హీబ్రూలో 'నవ్వును' అని అర్థం. 'ఇస్సాకు' అని లిప్యంతరీకరణ చెందేసరికి తెలుగు చెవికి అందులో నవ్వు వినిపించదు. తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో ఇస్సాకులు, ఐజాక్‌లు ఎందరో ఉన్నారు. సందేహపు నవ్వునే వాగ్దానపు బిడ్డకు పేరుగా పెట్టిన ఆ సాహసం మాత్రం పేరుతోపాటు తెలుగులోకి రాలేదు.

విధ్యర్థకంలో ఆనందం

పౌలు ఫిలిప్పీ సంఘానికి రాసిన లేఖలో సంతోషించమన్న పిలుపు పదేపదే వస్తుంది. ప్రచారంలో ఉన్న గ్రాంథిక తెలుగు బైబిలులో అది 'ఆనందించుడి' అన్న విధ్యర్థక రూపం. ఆరాధనకు పిలిచేవారి నోట ఈ '-ఉడి' ప్రత్యయానికి వ్యావహారికం ఇవ్వలేని గాంభీర్యం ఉంది. అయితే ఆ లేఖ రాసినవాడు చెరసాలలో ఉన్నాడు. సంకెళ్లలో ఉన్న మనిషి బయట ఉన్నవారిని సంతోషించమంటున్నాడు. అదే మాట వేదిక మీద నిలబడినవారు, కింద కూర్చున్న కష్టజీవికి చెప్పినప్పుడు క్రియారూపం మారదు గాని చెప్పేవారి, వినేవారి స్థానాలు తారుమారవుతాయి. మొదటి సందర్భంలో ధైర్యంగా వినిపించినది రెండవ సందర్భంలో ఒత్తిడిగా వినిపించే ప్రమాదం ఉంది.

ఈ ఒత్తిడి బాగా కనిపించే ప్రక్రియ సాక్ష్యం. తెలుగు సంఘాల్లో సాక్ష్యానికి మౌఖిక కథనంగా గట్టి నిర్మాణం ఉంది: కష్టం, ప్రార్థన, విడుదల, స్తుతి. అది సాధారణంగా భూతకాలంలో నడుస్తుంది. వినేవారికి ముగింపు ముందే తెలుసు. మైకు చేతికి వచ్చిందంటేనే కష్టం తీరిందని అర్థం. ఉద్యోగం పోయి ఎనిమిదో నెల నడుస్తున్న మనిషికి ఈ నిర్మాణంలో చోటు లేదు. అతనికి దక్కేది ప్రార్థన మనవి. అది ఒకటి రెండు వాక్యాలు, అదీ ఇతరుల నోట. నియామక పత్రం చేతికి వచ్చాకే అతడు తన కథ తాను చెప్పగలుగుతాడు. ఈ లోపాన్ని విశ్వాసానికి అంటగట్టనక్కరలేదు. ప్రక్రియ అతనికి వర్తమానకాలం ఇవ్వలేదు.

బైబిలు కీర్తనల గ్రంథం ఈ విషయంలో ఎక్కువ ఉదారంగా ఉంది. 150 కీర్తనల్లో మూడో వంతుకు పైగా విలాపాలేనని పండితులు సాధారణంగా అంగీకరిస్తారు. 88వ కీర్తన మలుపు లేకుండా, చీకటిలోనే ముగుస్తుంది. దానిని తొలగించాలని సంకలనకర్తలకు తోచలేదు. 126వ కీర్తన నిర్మాణం మరింత గమనించదగినది. చెర నుంచి తిరిగివచ్చిన నాటి నవ్వుతో అది మొదలవుతుంది. నోటినిండా నవ్వు ఉన్నదన్నది అక్కడ జ్ఞాపకం. వెంటనే కీర్తన వర్తమానంలోకి వచ్చి మళ్లీ విడిపించమని వేడుకుంటుంది. ఏడుస్తూ విత్తనాలు చల్లేవాడి చిత్రంతో ముగింపుకు చేరుతుంది. ఒకే పాటలో గడిచిన నవ్వు, నడుస్తున్న ఏడుపు, రావలసిన పంట ఉన్నాయి. సాక్ష్యం ఈ మూడింటిలో మధ్యదాన్ని దాటవేసిన కీర్తన వంటిది.

ఆనందాన్ని ఆజ్ఞాపించవచ్చు. చేతులెత్తమనవచ్చు, గొంతు పెంచమనవచ్చు. నవ్వు అలా రాదు. రప్పించే ప్రయత్నాలు జరగకపోలేదు. 1994 జనవరిలో టొరంటో విమానాశ్రయ సమీపంలోని ఒక సంఘంలో మొదలైన ఉద్యమం పరిశుద్ధ నవ్వుగా ప్రపంచమంతా పాకింది. నవ్వే ఆత్మకు గుర్తయితే, నవ్వు రానివాడు వెనుకబడినవాడవుతాడు. అప్పుడది మళ్లీ విధ్యర్థకమే.

కీర్తనలో లేనిది, కరువు చెప్పనిది

తెలుగు క్రైస్తవ కీర్తనకు కర్ణాటక రాగతాళాల బాట వేసినవారిలో పురుషోత్తమ చౌదరి (1803–1890) అగ్రగణ్యుడు. పల్లవి, అనుపల్లవి, చరణాల్లో ఆయన తరం నిలిపిన పద్ధతి ఆంధ్ర క్రైస్తవ కీర్తనల సంకలనంలో నేటికీ రాగం, తాళం పేర్లతో సహా కనిపిస్తుంది. ఆ కీర్తనల్లో శరణాగతి ఉంది, పశ్చాత్తాపం ఉంది, ఉల్లాసమూ ఉంది. హాస్యం లేదు. పందొమ్మిదో శతాబ్దపు మిషనరీ కరపత్రాల్లో వెటకారానికి కొదవలేదు. అది విగ్రహాలమీద, కులాచారాలమీద ఎక్కుపెట్టిన ఉపహాసం. ఎదుటివారిని చూసి నవ్వే నవ్వు కరపత్రానికి వెళ్లింది. తనను తాను చూసుకుని నవ్వే నవ్వుకు కీర్తనలో చోటు దొరకలేదు. ఈ పంపకం వల్ల తెలుగు క్రైస్తవ హాస్యం వాదానికి ఆయుధమైంది గాని ఓదార్పుకు సాధనం కాలేదు.

కరువు కాలపు చరిత్ర కూడా ఇదే చెబుతుంది. 1876–78 నాటి మహాకరువులో ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లవ్ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో ఒక భాగాన్ని గుత్తకు తీసుకుని వేలమందికి పని చూపించాడు. కూటికోసం మతం మారారన్న మాట రాకూడదని సహాయం జరిగినంతకాలం బాప్తిస్మాలు నిలిపివేశాడు. ఆ తరువాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది, ప్రధానంగా మాదిగలు, బాప్తిస్మం పొందారు. మిషనరీ సాహిత్యం ఈ అంకెను ఎంతో ఇష్టంగా ఎత్తిచూపింది. ఆ రోజు ఏటి ఒడ్డున వాళ్లు ఏం మాట్లాడుకున్నారో, ఎవరు ఎవరిని చూసి నవ్వారో అంకెల్లోకి రాలేదు. ఎమ్మా రౌషెన్‌బుష్ క్లవ్ 1899లో మాదిగల నోటి కథలను గ్రంథస్థం చేసింది. ఆ గొంతులు కూడా అనువాదం దాటి ఆంగ్లంలోనే మిగిలాయి. మెదక్ కెథెడ్రల్ మరో ఉదాహరణ. చార్లెస్ వాకర్ పాస్నెట్ పూనికతో, ఆకలితో ఉన్నవారికి పని, తిండి కల్పిస్తూ లేచిన ఆ మందిరం 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠితమైంది. హైదరాబాదు నుంచి క్రిస్మస్‌కు అక్కడికి వెళ్లేవారు నేటికీ ఎందరో. కష్టకాలపు ఆనందం అక్కడ రాయిగా నిలిచింది. రాయి మోసినవారి సరదాలు మాత్రం వారితోనే పోయాయి.

ఈ లోటును మరో దారిలో పూరించినవాడు జాషువా. 'గబ్బిలం' (1941) మేఘసందేశానికి వికటమైన ప్రతిరూపం. మేఘం స్థానంలో గబ్బిలం, యక్షుడి స్థానంలో గుడి గడప దాటనివ్వని మనిషి, ప్రియురాలి స్థానంలో కాశీ విశ్వనాథుడు. మనిషికి లేని ప్రవేశం గబ్బిలానికి ఉండడమే ఇందులోని నవ్వు. అది కరుణకు అడ్డం రాదు. కరుణే అక్కడ ఆ నవ్వుకు ఆధారం. 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన 'క్రీస్తు చరిత్ర'లో ఈ పదును తక్కువ. క్రైస్తవ కుటుంబంలో పుట్టిన కవి శివుడికి పంపిన వినతిలో చూపిన స్వేచ్ఛను క్రీస్తు కథ చెప్పేటప్పుడు అంతగా తీసుకోలేదంటే, ఆరాధ్యవస్తువు ముందు తెలుగు క్రైస్తవ కవి ఎంత బిగుసుకుంటాడో ఊహించవచ్చు.

మూగబోయిన గొంతులు

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైంది. ఆ ఏడాది ఈస్టర్ ఏప్రిల్ 12న మూసిన తలుపుల వెనుక గడిచింది. జూన్ 8న ఆంక్షలతో ప్రార్థనా స్థలాలు తెరుచుకునే వరకు, ఆ తరువాత కూడా చాలాకాలం, ఆరాధన తెరమీదికి మారింది. ఐటీ ఉద్యోగుల కుటుంబాలకు జూమ్ కొత్త కాదు. వారమంతా పనికి వాడినదే ఆదివారం ప్రార్థనకు తెరిచారు. అక్కడ ఒక సాంకేతిక అవసరం ఆరాధన స్వభావాన్నే మార్చింది. శబ్దం ఆలస్యంగా చేరడం వల్ల కలిసి పాడడం కుదరదు. అందువల్ల పాడేవారు తప్ప మిగిలినవారు గొంతు మూసుకోవాలి. పాట వినిపించింది, ప్రసంగం వినిపించింది. ప్రసంగి వేసిన చిన్న ఛలోక్తికి వచ్చిన నవ్వు మాత్రం ఎవరింట్లో వారికే వినిపించింది. భరతుడి మాటల్లో పరస్థం ఆగిపోయి ఆత్మస్థం మిగిలింది. సంఘమంతా శారా గుడారంలోకి వెళ్లినట్టయింది.

మధ్యయుగపు జర్మన్ ప్రాంతాల్లో ఈస్టర్ ప్రసంగంలో కథలు చెప్పి సంఘాన్ని నవ్వించే ఆచారం ఉండేది. నలభై దినాల ఉపవాసం తరువాత, మరణం ఓడిన రోజున నవ్వాలన్నది దాని తర్కం. 1518లో బాసెల్‌లో ఎకోలంపాడియస్ దానిని అసభ్యమని ఖండించాడు. బక్తిన్ తన రాబెలే గ్రంథంలో దానిని జనహాస్యానికి మిగిలిన చోటుగా చదివాడు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. తెలుగు సంఘాలు శ్రమల దినాల గాంభీర్యాన్ని తీసుకున్నాయి, ఈస్టర్ వేకువజామున సమాధుల తోటకు వెళ్లే ఆచారాన్ని పెంచుకున్నాయి. ఈస్టర్ నవ్వు వంటిది మాత్రం ఇక్కడ వేళ్లూనలేదు.

నాటికలో దొరికిన చోటు

నవ్వు ఆరాధన క్రమంలోకి రాకపోయినా ఆరాధన ప్రాంగణంలోకి ఏడాదికొకసారి వస్తుంది. అది క్రిస్మస్ నాటిక. సండే స్కూల్ పిల్లలు, యువజనులు వేసే ఈ నాటికల్లో మరియ, యోసేపు, దూత గ్రాంథికానికి దగ్గరగా మాట్లాడతారు. గొల్లలు మాత్రం తరచుగా మాండలికంలోకి దిగుతారు. చలికి వణుకుతారు, దూతను చూసి ఒకరి వెనుక ఒకరు దాక్కుంటారు. సువార్తలో గొల్లలు భయపడ్డారన్న మాట ఒక్కటే ఉంది. ఆ ఒక్క మాటకు తెలుగు నటుడు పది నిమిషాల విస్తరణ ఇస్తాడు. సంస్కృత నాటకంలో విదూషకుడికి ఇచ్చిన పనిని ఇక్కడ గొల్లలు చేస్తున్నారు. భాషాభేదం పాత్ర స్థాయికి గుర్తుగా నిలవడంలోనూ ఆ పోలిక కనిపిస్తుంది. మాండలికాన్ని నవ్వుకు కేటాయించడంలో ఉన్న చిన్నచూపును కూడా విమర్శ గమనించాలి.

సత్రపు యజమాని పాత్ర మరింత ఆసక్తికరం. లూకా సువార్తలో సత్రంలో స్థలం లేదన్న మాట తప్ప యజమాని అన్న మనిషే లేడు. నాటిక అతనిని పుట్టించింది. బ్యాచిలర్లా, కుటుంబమా, ఏ ఊరు, ఏం ఉద్యోగం అన్న ప్రశ్నలు దాటితే తప్ప అద్దె ఇల్లు దొరకని నగరంలో ఈ పాత్రకు రాసేవారు పెద్దగా కష్టపడనక్కరలేదు. నిండు చూలాలితో వచ్చిన మనిషిని రెండు నెలల అడ్వాన్సు అడిగే యజమానిని చూసి కిరాయిదారులైన ప్రేక్షకులు నవ్వితే, అది ఎదుటివారిని చూసి నవ్విన నవ్వు కాదు, కష్టం తీరాక వచ్చిన నవ్వూ కాదు. సాక్ష్యం ఇవ్వలేకపోయిన వర్తమానకాలం వారికి అక్కడ దొరుకుతుంది. ఉద్యోగం లేని యోసేపు వేషానికి ఉద్యోగం పోయిన యువకుడు ఎక్కడైనా మొహానికి రంగు వేసుకుంటే, అతడు తన కథను ముగింపు రాకముందే సంఘం ముందు నిలబెట్టినట్టే.

పరిశోధనకు ఉన్న ఇబ్బంది సామగ్రిది. కీర్తనలు ముద్రణ పొందాయి, ప్రసంగాలు యూట్యూబ్‌లో ఉన్నాయి, సాక్ష్యాలు సంఘ పత్రికల్లో వచ్చాయి. నాటికల రాతప్రతులు చాలావరకు వాట్సాప్ బృందాల్లో పుట్టి, పాత్రధారులకు వంతుల వారీగా పంచబడి, డిసెంబరు 26 తరువాత ఎవరూ తెరవని ఫోన్లలో ఉండిపోతున్నాయి.