గణిత పరీక్షయా? భాషా పరీక్షయా?

కళాశాల ద్వారమున గణిత పరీక్ష పెట్టుటకు రెండు ఉద్దేశము లుండవచ్చును. వచ్చినవారిలో కొందరిని వెనుకకు పంపుట ఒకటి. వచ్చినవానికి ఎంతవరకు తెలియునో కనుగొని, అచ్చటినుండి పాఠము మొదలిడుట రెండవది. మొదటిది ప్రవేశ పరీక్ష. రెండవదానిని స్థాననిర్ణయ పరీక్ష యనవచ్చును. మన దేశమున మొదటిది బహుళము, రెండవది అరుదు. మన కళాశాలలలో 'ప్లేస్‌మెంట్' అన్నచో చదువు ముగిసిన పిమ్మట దొరకు ఉద్యోగమనియే అర్థము. చదువు ఆరంభించునాడు విద్యార్థిని ఎచ్చట కూర్చుండబెట్టవలెనను ప్రశ్నకు వాడుకలో ఒక మాటయైనను లేదు.

ఈ లోపము ఫోరస్ రోడ్డు కుటుంబములకు మరింత గట్టిగా తగులును. కామాటిపురమునకు ఆ పేరు తెచ్చినవారు నిజాము రాజ్యపు తెలుగు సీమలనుండి వచ్చి ఈ నగరమున కట్టడపు పనులు చేసిన కామాటీలు. గోడ మూల సరిగా నున్నదో లేదో తెలియుటకు మేస్త్రీ ఒకవైపు మూడు మూరలు, రెండవవైపు నాలుగు మూరలు కొలిచి, ఆ కొనల నడుమ అయిదు మూర లున్నవో లేవో చూచును. లంబకోణ త్రిభుజమున కర్ణమును గూర్చిన సిద్ధాంతము ఇదియే.

ముంబయి నగరపాలక సంస్థ ఎనిమిది భాషలలో పాఠశాలలు నడుపుచున్నది. అందు తెలుగు ఒకటి. అట్టి బడిలో మేస్త్రీగారి మనుమడు కర్ణము, కరణి, శ్రేఢి, వర్గ సమీకరణము అను మాటలతో గణితము నేర్చెననుకొందము. పదవ తరగతి దాటి విజ్ఞానశాఖలో చేరగానే అంతయు ఆంగ్లము. కాగితముపై 'హైపాటెన్యూస్' అని చూచి వాని కలము ఆగును. ఆగినది లెక్కయా, మాటయా? దిద్దువారికి ఆ భేదము కనబడదు; సున్న మాత్రము పడును.

2021లో జె.ఇ.ఇ. మెయిన్ ప్రశ్నపత్రమును తెలుగుతో సహా 13 భాషలలో ఇచ్చిరి. సంతోషమే. కాని నాటి నిబంధనల ప్రకారము తెలుగు పత్రము ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కేంద్రములకే పరిమితము. ముంబయి కేంద్రమున కూర్చున్న తెలుగు విద్యార్థికి అది అందలేదు. భాషకు హక్కు వచ్చినది. భాష మాటలాడు బాలునకు రాలేదు.

తెలుగునకు గణితము మోయు శక్తి లేదని ఎవరును అనజాలరు. తొమ్మిదవ శతాబ్దమున మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమును పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చెను. అయినను పైచదువు ఆంగ్లమున నున్నంతకాలము ఆంగ్లపు మాటలు నేర్వక తప్పదు. మా ఆక్షేపణ ఆంగ్లముపై కాదు. మాట తెలియనివానిని లెక్క తెలియనివాడని ముద్రవేయుటపై.

స్థాననిర్ణయ పరీక్షయు దోషరహితము కాదు. అమెరికాలో కమ్యూనిటీ కాలేజీలు ఇట్టి పరీక్షను నమ్మి పెక్కుమందిని క్రింది తరగతులలో కూర్చుండబెట్టెను. వారిలో అనేకులు అసలు గణితమును చేరకయే చదువు మానిరి. అందుచేత కాలిఫోర్నియా రాష్ట్రము 2017లో ఏ.బి. 705 అను చట్టము చేసి, పాఠశాలలో విద్యార్థి సాధించిన ఫలితములను పరిగణింపవలెనని కళాశాలలను ఆదేశించెను. ఒక పూట పరీక్షకంటె కొన్ని యేండ్ల చదువు ఎక్కువ చెప్పునని దీని భావము.

కావున కళాశాలలవారికి మా మనవి యిది: పరీక్ష పెట్టుడు, కాని ఫలితమును తలుపు మూయుటకు గాక, పాఠము మొదలిడుటకు వాడుడు. మనవారును ఊరకుండరాదు. కళాశాలలు తెరచుటకు ముందు రెండు వారములు, మన చాళ్ళలో సాయంకాలము వేళ, పైతరగతుల విద్యార్థులు చిన్నవారికి గణితపు మాటలు ఒకవైపు తెలుగునను, రెండవవైపు ఆంగ్లమునను వ్రాయించి చెప్పిన చాలును. దానికి ఖర్చు ఒక నోటుపుస్తకము.

లెక్క రానివానికి లెక్క నేర్పవలెను. మాట రానివానికి మాట నేర్పవలెను. ఇరువురికిని ఒకే సున్న వేయుట విద్య కాదు.