పేరు మార్చినదెవరు? ‘అంటరాని వసంతం’ నవలలో వలస, గుర్తింపు

తెలుగులో ‘వలస’ అను ఒకే మాట రెండు వేర్వేరు సంగతులకు వాడబడుచున్నది. పరదేశమును ఆక్రమించినవాడు స్థాపించినది వలస రాజ్యము. ఆకలికి తాళలేక ఊరు విడిచినవాడు పోయినది వలస. వలసవాదానంతర విమర్శ మొదటిదానిని గూర్చి విస్తారముగా చర్చించినది. ఈ రెండింటిని కలిపి చదువుటకు జి. కళ్యాణరావు గారి ‘అంటరాని వసంతం’ (2000) మనకు తోడ్పడును.

మదనపల్లె దగ్గరి ఏనుగు మల్లమ్మ కొండ మనకు తెలిసినదే. 1870 ప్రాంతములో కడప కలెక్టరు డబ్ల్యు.డి. హార్స్లీ అక్కడ ఇల్లు కట్టుకొనగా అది హార్స్లీ హిల్స్ అయినది. పాలకుడు పెట్టిన పేరు నిలిచి, ప్రజల పేరు మరుగున పడినది. మరి నవలలో శివయ్య సీమోను అగుట కూడా ఇటువంటిదేనా? కాదని మా అభిప్రాయము.

శివయ్య కరువులో ఎన్నెలదిన్ని విడిచి కాలువ పనికి చేరును. అంటరానివారితో కలిసి పని చేయలేమని పై కులాల కూలీలు వారిని తరిమివేయుదురు. తెల్లదొర పాలనకంటె పాతదైన మరొక పాలన ఇక్కడ కనబడుచున్నది. శివయ్య పాత పేరును అవమానపరచినది ఆ పాలనయే. కనుక క్రొత్త పేరును కేవలము సామ్రాజ్యపు ముద్రగా చదివినయెడల శివయ్య నిర్ణయమునకు విలువ లేకుండా పోవును.

చరిత్ర కూడా ఇందుకు సాక్ష్యమిచ్చుచున్నది. 1876–78 కరువులో ఒంగోలు మిషనెరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ల త్రవ్వకమును కాంట్రాక్టు తీసుకొని పని చూపెను. కరువు సాయము సాగినంత కాలము ఆయన బాప్తిస్మములు నిలిపివేసెను. అటుపిమ్మట 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. అన్నము కొరకే మతము మారిరను వాదము ఈ వరుసను వివరింపజాలదు.

అయినను నవల సంఘమును విడిచిపెట్టలేదు. బాప్తిస్మము తరువాత కూడ కులము సంఘములో కొనసాగుటను అది చూపును. ఈ విమర్శను కాపరులు తప్పించుకొనరాదు. ఒక లోపమును మాత్రము చెప్పవలెను. తరువాతి తరములు పోరాటము వైపు సాగినకొలది, తొలి తరపు విశ్వాసము దాటివచ్చిన మెట్టువలె మిగులుచున్నది. వారు ప్రార్థనలో ఏమి పొందిరో తెలిసికొనవలెనను కోరిక పాఠకునికి తీరదు.

నవలకు ప్రాణము రూబేను వెదకులాటలో ఉన్నది. అతడు తన బైబిలు పేరును విడువకయే ఎన్నెలదిన్నిని, తాత ఎల్లన్న పాటను వెదకును. ఆ కథను మనకు చెప్పునది అతని భార్య రూతు. బైబిలులోని రూతు కూడ తన ప్రజలను విడిచి వచ్చినదే. బేత్లెహేములో చేరిన తరువాతను ఆమె మోయాబీయురాలైన రూతుగానే పిలువబడెను. సువార్త ఇచ్చిన పేరు తాత పాటను చెరిపివేయనక్కరలేదు.

పుంగనూరు, కుప్పం ప్రాంతముల నుండి పనికై బెంగళూరు వెళ్లువారు మన సంఘములలో కూర్చున్నారు. బాప్తిస్మపు రిజిస్టరులో క్రొత్త పేరు ప్రక్కన పాత పేరును, విడిచి వచ్చిన ఊరును కూడ వ్రాసి ఉంచుదము.