మెకంజీ దొర పటమును, కావలి సోదరులును

లండను నగరమందలి బ్రిటిషు గ్రంథాలయమువారి యధీనమున 1816వ సంవత్సరమునాటి తైలవర్ణచిత్ర మొకటి కలదు. దానిని రచించినవాడు చెన్నపట్టణమున నివసించిన థామస్ హికీ యను ఐర్లండు దేశీయుడు. నడుమ ఎఱ్ఱని సైనికవేషముతో కర్నల్ కాలిన్ మెకంజీ నిలిచియున్నాడు. ఆయన కొకవైపున కృష్ణాజీ యను బంట్రోతు దుర్భిణి పట్టుకొని నిలిచెను. రెండవవైపున తాటాకు గ్రంథము చేతబూనిన జైనపండితుడును, అతని వెనుక మన తెలుగువాడైన కావలి వెంకట లక్ష్మయ్యయు నున్నారు. దూరమున కొండపై గోమటేశ్వరుని విగ్రహము కానవచ్చును.

మేము చేయబోవు విమర్శ ఈ పటమందలి వర్ణముల పొందికను గూర్చినది కాదు. చిత్రకారు డెవరిని నడుమ నిలిపెను, ఎవరిని వెనుకకు జరిపెను, అట్లు జరుపుటకు లోకమం దే మాధారము కలదు అను దానిని గూర్చినది.

మెకంజీ స్కాట్లండునకు చేరిన లూయిస్ ద్వీపమున జన్మించి, 1783లో కుంఫిణీ కొలువున ఈ దేశమునకు వచ్చెను. 1799లో శ్రీరంగపట్టణము పడిపోయిన పిమ్మట మైసూరు సీమను కొలిపించెను. 1815లో హిందూదేశమునకు మొదటి సర్వేయరు జనరలయ్యెను. 1821లో మరణించెను. భూమిని కొలిపించుచునే ఆయన యూరూర కైఫీయతులను, శాసనములను, తాళపత్రములను సేకరింపజేసెను. 1828లో విల్సన్ పండితుడు ప్రకటించిన పట్టిక ననుసరించి ఆ భాండారమున సాహిత్యగ్రంథములు 1,568, స్థానిక చరిత్రలు 2,070, శాసనముల ప్రతులు 8,076, చిత్రలేఖనములు 2,630, నాణెములు 6,218 ఉండెను. ప్రభుత్వమువారు దానిని మెకంజీ భార్యయొద్ద పదివేల పౌనులకు కొనిరి.

ఇంతటి కార్యమును నడిపినవానికి దేశభాషలు రావు. ఇది మేము మోపు నింద కాదు. 1817లో అలెగ్జాండరు జాన్‌స్టనునకు వ్రాసిన లేఖలో మెకంజీయే ఈ మాట చెప్పుకొనినాడు. కావలి వెంకట బొర్రయ్య యను బ్రాహ్మణయువకుని ప్రతిభవలననే ఈ దేశపు విజ్ఞానమున తనకు ప్రవేశము కలిగెనని యందు కృతజ్ఞతతో ఒప్పుకొనెను. ఏలూరివారైన కావలి సోదరులలో ప్రసిద్ధుడగు ఈ బొర్రయ్య ముప్పదియేండ్లు నిండకయే 1803లో గతించెను. కావుననే హికీ పటమున నతడు లేడు. పనిభారము తమ్ముడగు లక్ష్మయ్యపై బడెను. వేరొక సోదరుడు రామస్వామి దక్షిణాపథకవుల చరిత్రమును ఇంగ్లీషున రచించి 1829లో కలకత్తాయందు ప్రకటించెను.

ఇక పటమును చూతము. ఆ కాలమున దొరలు వ్రాయించుకొనిన చిత్రములలో మనవారు కనబడిరేని, హుక్కా యందించుటకో గొడుగు పట్టుటకో కనబడుట పరిపాటి. ఇచ్చట నట్లు కాదు. గ్రంథము పట్టిన పండితుడు పండితునివలెనే యున్నాడు. ఈ గౌరవమును మేము తక్కువ చేయము. కాని మెకంజీ నడుమ నున్నాడు. పండితులు ప్రక్కను వెనుకను ఉన్నారు. ఏ చదువువలన నాయనకు కీర్తి వచ్చెనో ఆ చదువు తెలిసినవారు, దుర్భిణి మోయు బంట్రోతుతో సమముగా, పరికరములు పట్టువారైరి. తాటాకులు చదువగల కన్నులు వెనుకబడెను. తాటాకులు చదువలేని దొర పటమునకు నాయకుడయ్యెను.

ఈ విషయమున ఆధునిక చరిత్రకారులు రెండు పక్షములైరి. నికొలస్ డర్క్స్ తన 2001నాటి గ్రంథమున, ఈ సేకరణ మంతయు పరపాలన స్వభావముచే రూపొందెననియు, దేశీయుల వాక్కు ప్రభుత్వ భాండారమున చేరి తన స్వరమును కోల్పోయెననియు భావించెను. ఫిలిప్ వాగనరు 2003లో దీనిని ప్రతిఘటించి, శాసనములను చదువుట, లెక్కలు విప్పుట మున్నగు నేర్పులు నియోగులకు కుంఫిణీ రాకకు పూర్వమే యున్నవనియు, వారు కేవలము వార్తాహరులు గాక ఆ విజ్ఞానమునకు సహకర్తలనియు వాదించెను. 2012లో రమా మంతెన వ్రాసిన గ్రంథమును కావలి సోదరుల కృషికి తగిన స్థానమిచ్చినది.

మా మనసు పనిని గూర్చినంతవరకు వాగనరు పక్షమునకే మ్రొగ్గును. కాని పని వేఱు, అధికారము వేఱు. దీనికి లక్ష్మయ్య జీవితమే సాక్ష్యము. దొర మరణించిన పిమ్మట ఆ పరిశోధనను తాను కొనసాగింతునని లక్ష్మయ్య కోరెను. 1836లో ఆ కోరిక కలకత్తా ఏషియాటిక్ సొసైటీవారి యెదుటికి వచ్చినప్పుడు, జేమ్సు ప్రిన్సెప్, లక్ష్మయ్యయే కాదు, దేశీయు డెవ్వడును అట్టి కార్యమునకు చాలడని యభిప్రాయపడెను. పని విలియం టేలరు అను క్రైస్తవమతబోధకునకు చెందెను. ఆ మరుసటి యేడే బ్రాహ్మీలిపిని చదివి శాశ్వతకీర్తి గడించిన ప్రిన్సెప్, తన పరిశోధనలలో కమలాకాంత విద్యాలంకారుని వంటి పండితుల సాయము పొందినవాడే! సాయము చేయుటకు చాలినవాడు పెత్తనమునకు చాలకపోయెను. ఇరువది యేండ్లకు ముందు హికీ కుంచె నిర్ణయించిన స్థానమునే సొసైటీవారి తీర్మానము స్థిరపఱచెను.

ఇంతవఱకు దొరలను గూర్చి చెప్పితిమి. అంతటితో నిలిచిన విమర్శ సగమే యగును. కైఫీయతులను వ్రాయించిన దెవరు? పెక్కుచోట్ల కరణములు, దేవాలయార్చకులు. వారు వ్రాయించినవి అగ్రహారముల దానములు, దేవస్థానముల మాన్యములు, జమీందారుల వంశక్రమములు. మడి దున్నిన మాలమాదిగల మాట, ఇంటి లోపలి స్త్రీల మాట అందు మిక్కిలి యరుదు. హికీ పటమున లక్ష్మయ్య వెనుక నిలిచెను. లక్ష్మయ్య కాగితములలో ఊరిలో సగము జనము అసలే నిలువలేదు. పరుల పటమున మనకు ముందుచోటు దొరకలేదని వగచువారము, మన పటమున మన మెవరికి చోటీయమైతిమో చూడవలదా?

మెకంజీ సేకరించిన చిత్రములలో పెక్కులు నేటికిని లండనులో నున్నవి. దక్షిణదేశభాషలలోని గ్రంథములు, కైఫీయతులు చాలవఱకు చెన్నపురి ప్రాచ్యలిఖిత పుస్తకశాలలో నున్నవి. పటము దూరమైనను మాట మనకు చేరువనే యున్నది. చదువరులు తమ సీమ కైఫీయతు ముద్రితమైయున్నచో తెచ్చి యింటిల్లిపాదికి చదివి వినిపింపవలయును. వినిపించి, ఇందెవరి పేరున్నది, ఎవరి పేరు లేదు అని పిల్లలను ప్రశ్నింపవలయును. బొర్రయ్యకు పటమున చోటు దొరకకపోయినను, అట్టి ప్రశ్న నడుగ నేర్చిన బాలబాలికల చదువులో దొరకును. ఊరి పేరులేని వారికిని అచ్చటనే దొరకవలయును.