పల్లవికి మరలివచ్చే భక్తి : భిలాయి నుంచి తెలుగు క్రైస్తవ కీర్తనపై ఒక పరిశీలన

దైవసాన్నిధ్యాన్ని కోరడం భక్తి సాహిత్యానికంతటికీ సామాన్య లక్షణం. ఆ సాన్నిధ్యాన్ని ఏ రీతిగా ఊహించారన్నదే విమర్శకు విషయం. ప్రార్థనా మందిరాలలో తరతరాలుగా ఆదరణ పొందిన తెలుగు క్రైస్తవ కీర్తనను సాహిత్యంగా కూడా పరిశీలించవలసి ఉంది. ఆ అవసరం స్వస్థలంలోకన్నా ప్రవాసంలో స్పష్టంగా గోచరిస్తుంది.

సోవియట్ యూనియన్‌తో 1955లో కుదిరిన ఒప్పందం మేరకు నిర్మితమైన భిలాయి ఉక్కు కర్మాగారపు తొలి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. జీవనోపాధికై అక్కడికి చేరిన పలు భాషలవారిలో తెలుగువారున్నారు. వారిలో క్రైస్తవ కుటుంబాలూ ఉన్నాయి. ఆదివారమని ఫర్నేసు ఆరదు. ఆరాధన వేళకే షిఫ్టు పడిన కార్మికునికి మందిరం దూరమవుతుంది; కంఠస్థమైన కీర్తన మాత్రం వెంట ఉంటుంది.

ఈ కీర్తనకారులలో అగ్రగణ్యుడు పురుషోత్తమ చౌదరి (1803-1890). ఆయన జీవితం తెలుగు, ఒడియా భాషలు కలిసే పర్లాకిమిడి ప్రాంతంతో ముడిపడినది. క్రైస్తవాన్ని స్వీకరించిన తరువాత కూడా ఆయన తెలుగు సంకీర్తన సంప్రదాయాన్ని విడువలేదు. రాగతాళాలు, పల్లవి, చరణాలు అన్నీ మన పదకర్తల సొత్తే. 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' సంపుటిలో పాటల శీర్షాన రాగతాళాలను పేర్కొనడం ఈ వారసత్వానికి నిదర్శనం.

ఆధ్యాత్మిక వికాసాన్ని సాధారణంగా సోపానక్రమంగా వర్ణిస్తారు: పశ్చాత్తాపం, విశ్వాసం, పవిత్రత, ఐక్యం. కీర్తన నిర్మాణం మరొక సత్యాన్ని సూచిస్తుంది. చరణం ముందుకు సాగుతుంది. కాని ప్రతి చరణాంతంలోనూ గాయకుడు పల్లవికే మరలివస్తాడు. మాటలు అవే, వాటిని పలికే మనసు మాత్రం మునుపటిది కాదు. ఎదుగుదల అంటే తొలి మెట్టును దాటిపోవడం కాదు, మొదటి మాటకే మరింత అవగాహనతో తిరిగి రావడం. ఈ భావాన్ని ఉపదేశంగా కాక రూపంగా అందించడమే ఈ ప్రక్రియ సాధించిన విజయం.

అయితే ఒక లోపాన్ని విస్మరించరాదు. ఈ కీర్తనలలో ప్రధానంగా వినిపించేది 'నేను', 'నా పాపము', 'నా రక్షకుడు'. పొరుగువానికి అందులో చోటు తక్కువ. ఆ వెలితిని పూరించినది గుర్రం జాషువా కవిత్వం. 'గబ్బిలం'లో ఆలయ ప్రవేశం లేని అస్పృశ్యుడు కాశీలోని శివునికి గబ్బిలంతో తన మొర పంపుకొంటాడు. అక్కడ దైవానికి, మనిషికి నడుమ దూరాన్ని కల్పించినది మనిషే. 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన 'క్రీస్తు చరిత్ర'లో ఆ కవే దీనుల మధ్యకు నడచివచ్చిన దైవాన్ని కావ్యవస్తువుగా గ్రహించాడు. రెండింటినీ కలిపి చదివితే, తోటి మనిషిని దూరంగా ఉంచినవాడు దేవునికి చేరువ కాజాలడని బోధపడుతుంది. చౌదరి అంతరంగ సాధనకు జాషువా సామాజిక గీటురాయి.

పలు భాషలవారు ఇరుగుపొరుగుగా నివసించే భిలాయికి ఈ రెండూ అవసరమే. కాని హిందీ, ఇంగ్లీషు మాధ్యమాలలో చదివిన మూడవ తరానికి తెలుగు లిపి అందనిదైతే, ఈ సంపద చెవికే పరిమితమవుతుంది. దేవనాగరిలో రాసియిస్తే ధ్వని నిలుస్తుంది. చౌదరి వాడిన సంస్కృత సమాసాల అర్థం నిలవదు. అర్థమెరుగని పల్లవికి ఎన్నిసార్లు మరలివచ్చినా అది అలవాటుగా మిగలవచ్చునే గాని సాధన కాదు. కనుక లిప్యంతరీకరణతోపాటు సరళమైన అర్థతాత్పర్యాలు గల ఎంపిక సంపుటి వెలువడవలసి ఉంది. అందులో జాషువా పద్యాలకూ స్థానం కల్పించడం సముచితం. తండ్రి నైట్ షిఫ్టులో మననం చేసుకొన్న పాటను కొడుకు అర్థంతో సహా అందుకోగలగడానికి అది తోడ్పడుతుంది.