‘ఇల్లు ఎల్తలేదు’: బతుకు సాగని మాట, మూడు భాషలు

1. పరిచయం

అనువాదాన్ని విమర్శించేటప్పుడు కథను, పాత్రలనే కాక వాక్య నిర్మాణాన్నీ పరిశీలించాలి. ఈ భాగంలో ఒకే ఒక్క భావాన్ని తీసుకుందాం: ‘ఈ కష్టంలో ఇక బతుకు సాగదు’. ఇంగ్లీషు, చైనీస్, తెలుగు దీన్ని ఎలా చెబుతాయో, అనువాదకుడు ఎక్కడ పొరబడతాడో చూద్దాం.

2. తరగతిలో ఎదురైన ఉదాహరణ

మందమర్రి ప్రాంత విద్యార్థులకు సంపర్క తరగతులు చెబుతున్న రోజుల్లో, ఒక కార్మికుని భార్య ‘ఐ కాంట్ సర్వైవ్ ఆన్ దిస్ పే’ అన్న వాక్యాన్ని తెలుగు చేయమన్నాను. దాదాపు అందరూ ‘ఈ జీతంతో నేను బతకలేను’ అని రాశారు. బొగ్గుబాయిలో పనిచేసే కార్మికుని కూతురు ఒకామె లేచి, “మా అమ్మ గట్ల అనది సార్. ‘ఈ జీతంతోని ఇల్లు ఎల్తలేదు’ అంటది” అన్నది. అది మాండలిక భేదం మాత్రమేనని చెప్పి కూర్చోబెట్టాను. అది నా పొరపాటు.

3. అశక్తత ఎవరిది?

‘బతకలేను’ను విడదీస్తే బతక + లే + ను. చివరి ‘ను’ మాట్లాడే మనిషిని సూచిస్తుంది. ‘ఐ కాంట్’లోనూ అంతే. లోటు మనిషి శక్తిలో ఉన్నట్టు వినిపిస్తుంది. ‘సర్వైవ్’ లాటిన్ మూలంలో ‘దాటి బతకడం’. అంటే దాటగలిగిన వారు, దాటలేని వారు అనే కొలత ఆ మాటలోనే ఉంది.

‘ఇల్లు ఎల్తలేదు’లో ‘నేను’ లేదు. కర్త ఇల్లు. లోటు జీతంలో ఉంది, ఆమెలో కాదు. మొదటి వాక్యం ఒప్పుకోలు, రెండవది లెక్క అడగడం. వేతనం గురించి మాట్లాడే పాత్రకు ఈ తేడా చిన్నది కాదు.

4. చైనీస్ పద్ధతి

చైనీస్‌లో ‘హ్వొ-బు-శ్యాఛ్యు’ అంటారు. ‘హ్వొ’ అంటే బతుకు, ‘బు’ అంటే కాదు. ‘శ్యాఛ్యు’కు మాటల అర్థం ‘కిందికి పోవు’, ఇక్కడ ‘కొనసాగు’. వ్యతిరేకత క్రియకూ దాని ఫలితానికీ నడుమ కూర్చుంటుందని గమనించండి. ‘బు’ స్థానంలో ‘ద’ పెడితే ‘బతుకు సాగుతుంది’ అవుతుంది. ‘గ్వో-బు-శ్యాఛ్యు’ అనే రూపంలో రోజులు ముందు నిలుస్తాయి: రోజులు గడవడం లేదు. మన ‘ఎల్తలేదు’ దీనికి దగ్గరి చుట్టం.

అయితే చైనీస్ ఎప్పుడూ మనిషిని తప్పించదు. కష్టానికి ఓర్చుకోవడాన్ని వారు ‘చేదు తినడం’ అంటారు. ‘చేదు తినలేడు’ అన్నది తరచు ఎదుటివారిపై వేసే నింద. తెలుగులో తిట్లు, దెబ్బలు తింటాం కాని కష్టాలు ‘పడతాం’. దీన్ని మాటకు మాట దించితే పాఠకుడు రుచి గురించి అనుకుంటాడు.

5. ఒక నవల పేరు

యు హువా నవల ‘హ్వొ-జ’ 1993లో పుస్తకంగా వచ్చింది. భార్యాబిడ్డలను పోగొట్టుకుని, ముసలి ఎద్దుతో మిగిలిన ఫుగుయ్ అనే రైతు కథ అది. పేరులోని ‘జ’ కొనసాగుతున్న స్థితిని తెలుపుతుంది. ఇంగ్లీషు పేరు ‘టు లివ్’లో ఆ కొనసాగింపు లేదు. తెలుగులో ‘బతుకుతూ’ అంటే మూలానికి దగ్గరవుతుంది. ‘బతకాలి’ అంటే నీతిబోధ అవుతుంది. ఫుగుయ్ బోధించడు, బతుకుతూ ఉంటాడు.

6. గొంతు, బరువు

‘వీనితోని ఏగలేక సస్తున్న’ అన్న తల్లి మాటలో చావు లేదు, విసుగు ఉంది. ‘ఇగ ఎల్లది’ అన్న నెమ్మది మాటలో ఆకలి ఉండవచ్చు. గొంతు పెద్దదైతే బాధ పెద్దదని విమర్శకుడు అనుకోరాదు. ఎవరు, ఎవరితో, దేని గురించి అన్నారో చూసి తూకం వేయాలి.

7. సారాంశం

‘బతకలేను’ తప్పు అనువాదం కాదు. ప్రతిచోటా అదే వాడడం తప్పు. పాత్ర తన శక్తి ఉడిగిందంటున్నదా, జీతం చాలడం లేదంటున్నదా అని ముందు తేల్చుకోవాలి. ఆ విద్యార్థిని ఈ పని చేసింది. ఆమె వాక్యం వ్యాకరణానికే కాదు, వాళ్ళమ్మ మర్యాదకూ సరిపోయింది.

అభ్యాసం: మీ ఇంట్లో, వాడలో ఈ భావానికి వాడే మూడు మాటలు సేకరించండి. ప్రతిదానిలో కర్త ఎవరో, లోటు ఎవరిదో రాయండి.