మాండలిక పటంలో వాడ ఎక్కడ?

భాషా భూగోళం చదివేవాళ్లకు మొదట చెప్పే భావనలు కొన్ని ఉన్నాయి: మాండలికం, మాటల సరిహద్దు, ప్రామాణిక భాష, భాషా ప్రాంతం. ఒక మాట ఎక్కడిదాకా వాడుకలో ఉందో చూసి పటం మీద గీసే గీతను ఐసోగ్లాస్ అంటారు. గోదావరి జిల్లాల్లో ఆనపకాయ, రాయలసీమలో సొరకాయ. మధ్యలో ఎక్కడో గీత పడుతుంది. అలాంటి గీతలు కొన్ని దగ్గరదగ్గరగా వస్తే అక్కడ మాండలికం మారిందంటారు. గీత గీయడంతో మాకు పేచీ లేదు. అది ఎక్కడ ఆగిపోయిందన్నదే మా ప్రశ్న.

తెలుగులో ఈ పనిని గట్టిగా చేసినవాడు భద్రిరాజు కృష్ణమూర్తి. ఆయన సంపాదకత్వంలో మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ సంపుటం 1962లో, చేనేత సంపుటం 1971లో వచ్చాయి. పండితుల్ని వదిలి పనిచేసేవాళ్ల నోటినుంచి మాటలు ఏరిన కృషి అది. ఆ మేలు మరిచిపోలేం. ఉత్తర, దక్షిణ, పూర్వ, మధ్య అనే నాలుగు మండలాల విభజన అక్కణ్నుంచే పాఠాలకెక్కింది. అయితే నాలుగూ జిల్లాల గుంపులే. జిల్లాకూ జిల్లాకూ మధ్య గీత పడింది గానీ ఊరికీ వాడకూ మధ్య పడలేదు.

అక్కడ గీత నిజంగా ఉందా అని అడగొచ్చు. ఉత్తరప్రదేశ్‌లోని ఖలాపూర్ గ్రామాన్ని పరిశీలించి జాన్ గంపర్జ్ 1958లో ఒక వ్యాసం రాశాడు. అంటరాని కులాల పలుకు మిగతా ఊరి పలుకుకు వేరుగా ఉందని చూపించాడు. వాళ్లు పై కులాలవాళ్ల దగ్గర పనిచేసేవాళ్లే, రోజూ మాట్లాడేవాళ్లే. అయినా పని దగ్గరి మాటలు పలుకును కలపలేదు. స్నేహంగా కలిసి కూర్చునే సంబంధం ఉన్నచోటే పలుకు కలుస్తుందని ఆయన వివరణ. కొండో ఏరో అడ్డమొస్తే మాట మారుతుందని భూగోళం చెబుతుంది. అరుగు మీద కూర్చోనివ్వకపోవడం ఏ కొండకు తక్కువ?

ఇక ప్రామాణిక భాష. గ్రాంథికం మీద గిడుగు రామమూర్తి పోరాడబట్టే మేం ఇట్లా రాయగలుగుతున్నాం. కానీ గెలిచిన భాష పేరు ‘శిష్ట’ వ్యావహారికం. ఆ శిష్టులెవరు? ఎక్కువగా మధ్య మండలంలో చదువుకున్న పై కులాలవాళ్లు. బడిలో మేం ‘నీల్లు’ అంటే ‘నీళ్లు’ అని పదిసార్లు అనిపించారు. ఇంటికొచ్చి అట్లనే అంటే ‘దొరల లెక్క మాట్లాడవడితివి బిడ్డా’ అని అవ్వ నవ్వింది. ఆ గీత ఎక్కడుందో అవ్వకు ఏ పటమూ చూపించలేదు.

భాషా ప్రాంతమనే భావనకూ ఇదే జబ్బుంది. భాష ఒకటైతే జనమూ ఒకటేనన్న నమ్మకంతో 1953లో ఆంధ్ర, 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాయి. ఈ రెంటికీ మధ్య, 1955లో, భాషా రాష్ట్రాల మీద రాస్తూ అంబేద్కర్ ఆంధ్రనే ఉదాహరణగా తీసుకున్నాడు. భూమి, ఉద్యోగాలు, వ్యాపారం రెండు పెద్ద కులాల చేతుల్లో ఉన్నాయనీ, అంటరానివాళ్లు వాళ్లకింద బతకాల్సి వస్తోందనీ హెచ్చరించాడు. 2014లో తెలంగాణ వచ్చాక తెలంగాణ పలుకుకు మర్యాద పెరిగింది. పెరగాల్సిందే. కానీ అందులో ఎవరి పలుకు? 2000లో వచ్చిన వేముల ఎల్లయ్య నవల ‘కక్క’ నల్గొండ మాదిగల పలుకులో నడిచింది. దాన్ని ‘తెలంగాణ మాండలికం’ అని ఊరుకుంటే సగమే చెప్పినట్టు.

అట్లాగని ‘దళిత భాష’ అని ఒక కొత్త పెట్టె చేసి అందరినీ అందులో వేయమనడం లేదు. మాలల మాట, మాదిగల మాట, జిల్లా జిల్లాకూ వాడ మాట, ఆడవాళ్ల మాట ఒక్కటిగా ఉంటాయని ముందే అనుకుంటే మేమూ అదే తప్పు చేసినట్టవుతుంది. అడిగి, విని, రాసుకోవాలి. మాటలు సేకరించడానికి ఊళ్లకు పోయే విద్యార్థులకు మా మనవి ఇది: మాట పక్కన జిల్లా పేరు రాసి ఆగకండి. ఎవరి నోటి మాటో, ఆ మనిషి ఊళ్లో ఉంటాడో వాడలో ఉంటాడో రాయండి. ఎవరిని అడగకుండా తిరిగొచ్చారో అదీ రాయండి. అప్పుడు గీయండి గీత.