పాచికలు లేని పెట్టె

ఆడేవాళ్ల తెలివిని పూర్తిగా నమ్మి చేసిన ఆట ‘షెర్లాక్ హోమ్స్ కన్సల్టింగ్ డిటెక్టివ్’. రేమండ్ ఎడ్వర్డ్స్, సుజాన్ గోల్డ్‌బర్గ్, గ్యారీ గ్రేడీ 1980ల మొదట్లో రూపొందించారు. జర్మనీలో ఏటా ఇచ్చే ‘ష్పీల్ డెస్ యారెస్’ బహుమతి 1985లో దీనికే దక్కింది.

పెట్టెలో పాచికలుండవు, పందెపు పావులుండవు. విక్టోరియా రాణి కాలపు లండన్ పటం, చిరునామాల పుస్తకం, కేసు పుస్తకం, ఒక్కో కేసు నాటి వార్తాపత్రిక, అంతే. కేసును ఛేదించడానికి ఎవరిని కలవాలో మనమే తేల్చుకోవాలి. చిరునామా వెతికి పట్టుకుని, కేసు పుస్తకంలో ఆ చిరునామా అంకె దగ్గరున్న పేరా చదవాలి. రచయితల పనితనం నాకు అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది ఆ పత్రికలోనే. పెళ్లి కబుర్లు, అమ్మకాల ప్రకటనల మధ్య అసలు ఆధారం కలిసిపోయి ఉంటుంది. ఒక్కోసారి పాత కేసు నాటి పత్రికే తర్వాతి కేసుకు అక్కరకొస్తుంది. ఎంత ఓపికగా అల్లారో!

చివర్లో మనం తిరిగిన చోట్ల లెక్కను హోమ్స్ లెక్కతో పోల్చి మార్కులిస్తారు. ఆయన్ని మించడం చాలా కష్టం. నా మాట వింటే మార్కుల సంగతి వదిలేసి, ఇంటిల్లిపాదీ కూర్చుని తీరిగ్గా వాదించుకోండి. జవాబు తెలిశాక ఆ కేసు మళ్లీ ఆడలేం. అయితే దేన్నీ చించే పనిలేదు కాబట్టి, అన్నీ ముగిశాక పెట్టెను మరో ఇంటికి ఇచ్చేయండి.